మొండి కొబ్బరి

తుఫాను తల పెరుక్కుపోయిన చెట్టు.
కవిటి దాటాక దాలమ్మ తోటలో
నరికించడానికి కూలి గిట్టక అలాగే నిలబడిపోయింది.
రెండు నిలువుల ఎత్తున
గుప్పెడు పట్టేంత కన్నం.

వెదురుగెడ కొసకి
పాత స్కూటరు అద్దం, చిన్న టార్చి కట్టాను.
దాలమ్మ నవ్వింది:
"పురిటిగదిలోకి ఎవులైనా అద్దమెట్టి సూత్తారేటి బావూ?"

మార్చి తొమ్మిది. రంపప్పొట్టులాంటి పొడి, అంతే.
పదకొండు. ఒక గుడ్డు.
అప్పుడే ఒలిచిన ముంజె తెలుపు.
చీకట్లో పెట్టేదానికి రంగెందుకు?

నోటుబుక్కులో రెండే గడులు గీసుకున్నాను,
మగ, ఆడ.
పదమూడు పొద్దున్న మూడోది వాలింది.
నుదుటి నలుపు మీద తెల్లచుక్కలు, ఇదీ ఆడదే.
ఎడమ రెక్కలో ఒక ఈక విరిగి వేలాడుతోంది.
లోపలికి దూరింది.
ముక్కున గుడ్డుతో బయటికొచ్చింది.
జీడిమామిడి కొమ్మ పంగలో పెట్టి
టక్కున పొడిచింది.

అంతవరకూ సరే.
పెట్టిన తల్లి ఎగిరొచ్చి, అరవకుండా, తరమకుండా
పక్కనే అంటుకుని
తన గుడ్డు సొన తానూ తాగింది.

ఆ పూట పెన్ను మూత తియ్యలేదు.

దాలమ్మకి చెప్తే
కాయ వలుస్తూ, గునపం మొన మీంచి చూపు ఎత్తకుండా అంది:
"నాను కాపరానికొచ్చిన కొత్తల
మా తోటికోడలు నా ఉట్టి కుండ పగలగొట్టీసింది.
నేలపాలైన పెరుగన్నం
ఇద్దరం కూకోని ఎత్తుకు తిన్నాం.
ఆ మర్నాడు నుంచీ ఒకటే పొయ్యి."

పదహారు. ఒకటి.
పదిహేడు. మూడు.
ఒక్క పిట్ట ఒక్క రోజులో రెండు పెట్టదు.
ఏది ఎవరిదో నా అద్దానికి అందలేదు.
వాటికీ అందలేదనుకుంటాను,
ఆ తరవాత ఏదీ పగల్లేదు.

పగలు వంతులు. ఒకటి దిగితే ఒకటి.
మధ్యాహ్నం ఎండలో కాపుకి
ఎక్కువసార్లు వచ్చింది విరిగిన ఈకే.
రాత్రంతా మగది.
ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే గడి
నా దగ్గర లేదు. ఖాళీ జాగాలో
అడ్డదిడ్డంగా రాస్తూ పోయాను.

నిన్న మోడులు కొనేవాడు ట్రాక్టరేసుకొచ్చాడు.
పదకొండు మోడులకి బేరం తెగింది.
పన్నెండోదాని మీద చెయ్యేశాడు.
"అది కాదు," అంది దాలమ్మ,
"దాన్ల తోటికోడళ్లున్నారు."

వాడు నావేపు చూశాడు.
నేను అద్దం తుడుచుకుంటున్నాను.
ఉప్పుగాలికి వెనక పూత లేచిపోతోంది.
పిల్లలు బయటికి తల పెట్టేలోగా
సోంపేటలో ఇంకోటి కొనాలి.