వల మడిచే చోట

రౌసు రేవులో అక్టోబరు.
జలసంధికి ఆవల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో,
ఎవరూ వెళ్ళలేని కునషిరి కొండలు.
షెడ్డులో తోకియే వల మడుస్తోంది.

సప్పొరో నుంచి చల్లపెట్టె మోసుకొచ్చిన మిసుజు
మగ సాల్మన్ పొట్టలోని తెల్లముద్ద అడిగింది.
"వండుకోవడానికా?"
"కాదు, చదవడానికి."
తోకియే నవ్వలేదు.
అక్షరాలెక్కడో చూపించమంది.

"కంటికి ఆనని చుక్కలో
గజం పొడవు పోగుంది, తోకియే సాన్."
"చిక్కు పడదూ?"

ఆ ఒక్క ప్రశ్న మీదే
మిసుజుకి మూడేళ్ళుగా నిద్ర లేదు.

పడదు. చిన్నచిన్న కండెలున్నాయి,
ఒక్కోదానికి రెండు చుట్లైనా నిండవు.
కండెల దండని మళ్ళీ మెలిపెట్టి, ముడిచి,
కణం రెండుగా చీలే ఘడియకి
పొట్టి కర్రల్లా బిగిస్తుంది.
ఆ తర్వాత వదులు చేస్తుంది,
కావలసిన చోట వేలు దూరేంత.

ఈ తెల్లముద్దలో మాత్రం వేరే లెక్క.
ఏటికి ఎదురీదే ముందు
కండెలన్నీ పారేసి
పోగుని ప్రోటమిన్‌తో రాయిలా కుదించుకుంది.
దారిలో ఎవరూ చదవలేరు.
తనూ చదవలేదు.
గుడ్డులోకి చేరాకే ముడి విప్పడం.

కత్తి జారి తోకియే వేలు తెగింది.
బల్ల మీద రెండు నెత్తుర్లు కలిశాయి.
చేప ఎర్రకణం మూట కట్టి, దాదాపు మూగబోయి,
అయినా లోపలే ఉంచుకుంది.
మనది మూటనే విసిరేసి
ఖాళీ బుట్టలా తిరుగుతుంది, ఊపిరి మోయడానికి.

"మరి ఇది?" అని
ఏప్రాను జేబులోంచి వెదురు సూది తీసింది తోకియే,
వాళ్ళమ్మది, అరిగి నున్నబడింది.
మిసుజు కాసేపు ఆగింది.
మైటోకాండ్రియాలోనూ ఓ పొట్టి పోగుంటుందని చెప్పింది.
ఆ కండెలు లేవు, కొసలు కలిసిన ఉంగరం,
తల్లి వైపు నుంచే వస్తుంది.
సూది గురించి ఆమె ఏమీ అనలేదు.

"ముందు నీళ్ళలో పడాల్సింది
చివర్న మడవాలి.
నీ చుక్కకి అది ఎవరు చెప్పారు?"

మిసుజు నోటుబుక్కులో రాసుకుంది.
చేప జిగురంటి ఆ పేజీ
తర్వాత తెరుచుకోలేదు.

వ్యాను వెళ్ళిపోయింది.
తోకియే వల తడిమి చూసింది.
ఎక్కడో, అడుగున, ఒక మడత తప్పింది.
వేలికి గుడ్డ చుట్టుకుని
మొత్తం విప్పడం మొదలెట్టింది.