అస్తరు

పుస్తకంలో అరపేజీ దాటని జబ్బు.
పన్ను నొప్పి అనుకుని వచ్చాడు మునిరత్నం,
వాషర్‌మెన్‌పేట టైలరు, షుగరు మూడొందల ఎనభై.
అంగిట్లో అగ్గిపుల్ల కొసంత నలుపు.
మూడో రోజుకి అది కంటి కిందికి పాకింది.

నాది రాత్రి డ్యూటీ, మందుల గదిలో.
పార్క్ స్టేషన్లో ఆఖరి బండి పోయాక
ఫ్రిజ్జు గొణుగుడూ నేనూ.

రెండు మందులు నా దగ్గర.
నిజానికి ఒకటే మందు.
పాతది పసుపునీళ్ళలా ఉంటుంది,
సెలైన్లో కలిపితే పాలు విరిగినట్టు విరుగుతుంది,
గ్లూకోజులోనే కలపాలి, వెలుతురు తగలనివ్వకూడదు.
ఎక్కుతుంటే మనిషి మంచంతో సహా వణుకుతాడు.
బూజుని చంపుతుంది, కిడ్నీల్నీ వదలదు.
కొత్తది అదే మందు, కొవ్వు పొర తొడుక్కుని వస్తుంది,
కిడ్నీల దగ్గర కాస్త మర్యాదగా నడుస్తుంది.
ధర చెప్పబోయి ఆగాను.

"లోపలి సరుకు ఒకటేనా అక్కా?"
ఒకటే అన్నాను.
"అయితే తేడా అస్తరుది.
గరుకు గుడ్డ ఒంటికి రాసుకోకుండా లోపల వేస్తామే, అది."

అతని భార్య సంపూర్ణ నా నోటివంకే చూస్తోంది.
అరవై కిలోల మనిషికి రోజుకి ఆరు సీసాలు.
అరలో పదకొండు ఉన్నాయి.
రెండు రోజులకి ఒకటి తక్కువ,
మిగతా రోజులకి అన్నీ తక్కువ.

పాతదే మొదలుపెట్టారు.
సీసాకి చుట్టిన నల్ల కాగితం మాటిమాటికీ జారేది.
సంపూర్ణ లేచి నిలబడి పట్టుకునేది, ఆరు గంటలు,
చెయ్యి మార్చి చెయ్యి.
క్రియాటినిన్ ఒకటి. ఒకటీ పాయింట్ ఆరు. రెండున్నర.
మధ్యలో ఒకరోజు కన్ను తీసేశారు.
"సూదిలో దారం ఎక్కించేప్పుడు ఎలాగూ ఒకటి మూసేవాణ్ణి"
అన్నాడు, నవ్వండి అన్నట్టు.
ఎవరం నవ్వలేదు.

తొమ్మిదో రోజు వచ్చాయి కొత్త సీసాలు,
వానకి తడిసిన అట్టపెట్టెలో.
మందు మార్చారు. వణుకు ఆగింది.
ఆ రాత్రి సంపూర్ణ మంచం కింద చాప పరుచుకుని
గురకపెట్టి మరీ నిద్రపోయింది.

డాక్టర్ ఇళవరసి రెండింటినీ పోల్చి పత్రం రాస్తోంది.
పాతది ఎక్కినవాళ్ళు ఒక వరస, కొత్తది ఎక్కినవాళ్ళు ఒక వరస,
ఎందరు బతికారు, ఎందరికి కిడ్నీ చెడింది,
రోజుకి ఎంతయింది.
నేను రిజిస్టరు తెరిచి పేర్లు చదువుతున్నాను.
మునిరత్నం దగ్గర ఆమె పెన్ను ఆగింది.
"ఇతను రెండు వరసల్లోనూ ఉన్నాడు. తీసేద్దాం."
తప్పేమీ లేదు, లెక్క అలాగే చెయ్యాలి.
గీత కొట్టాను. స్కేలు పెట్టి, తిన్నగా.

దీపావళి వెళ్ళిన వారం, ముసురులో వచ్చాడు.
కంటి మీద తనే కుట్టుకున్న తొడుగు.
ఇప్పుడు మాత్రలేనట, కడుపునిండా తిన్నాక.
ఉమ్మెత్తపువ్వంత నల్లసంచులు నాలుగు తీసి బల్ల మీద పెట్టాడు,
పైన నాడా, కింద గొట్టం దిగడానికి కాజా.
"కాగితం జారుతోంది కదక్కా."
కొలత ఎవరిచ్చారంటే
"ఇరవై రెండు రోజులు దాన్నే కదా చూశాను" అన్నాడు.

అతను వెళ్ళాక ఒకటి తిరగేసి చూశాను.
లోపల అస్తరు వేశాడు,
ఎవరి జాకెట్టులోనో మిగిలిన ముక్క, చిలకాకుపచ్చ.
సీసాకి అస్తరెందుకో
రేపు వస్తే అడగాలనుకున్నాను.
అడగలేదు.