ఇరవయ్యారు అడుగులు

తిరుపతి నుంచి హైదరాబాదుకు
గంటా పది నిమిషాలని బోర్డు మీద రాసుంటాది.
గాజులమండ్యంలో షేరాటో నిండేదానికే
నాకు ముక్కాలు గంట.
నిండినాక రోడ్డెంతసేపు,
ఒగ వక్కాకు నమిలేంత దూరం.

మా అవ్వ కాలంలో దూరానికి చుట్టలు లెక్క.
వడమాలపేటకు మూడు చుట్టలు, పుత్తూరికి ఆరు.
హైదరాబాదు ఎన్ని చుట్టలో ఆమె ఎప్పుడూ అనలేదు,
పొగాకు చాలదనేమో.

విమానం నుంచి జనం దిగతానే
మేము ఎక్కుతాం, నేనూ కుప్పమ్మా.
ఇరవై నిమిషాలు టైము.
లోపల ఇంకా ఎవురెవురి ఊపిర్లో వెచ్చగా ఉంటాయి.
సీటు జేబుల్లో శెనక్కాయ పొట్టు,
సగం తాగిన కాఫీ,
వాంతి కవరు మీద ఎవురి బిడ్డో గీసిన ఏనుగు.
దాన్ని నేను పారెయ్యలేదు.

తలుపు కాడ్నుంచి తోక దాకా
నా అడుగులు ఇరవయ్యారు.
చెత్తకు ఒగ తూరి పోయి రావాల,
తుడిచేదానికి ఒగ తూరి,
బెల్టులు సర్దేదానికి ఇంకో తూరి.
పొద్దుకు ఆరు విమానాలు.
మా సూపర్‌వైజరు ఢిల్లీబాబు,
ఢిల్లీ చూసినోడు కాదు, పేరే అంత,
ఫోన్లో లెక్కేసి చెప్పినాడు:
గాల్లో నాలుగునూర్ల ముప్పై కిలోమీటర్లక్కా,
నీ నడకన రెండేండ్లూ ఒగ నెల.

గంగజాతర అయిన మర్నాడు పనిలో చేరినా.
కార్తీకంలో కడప దాటినా.
ఎండాకాలమంతా నల్లమల మీదనే,
ఏసీ ఆపేసిన విమానంలో చెమట కారతా.
వినాయకచవితప్పుడు కృష్ణ దాటుంటా,
ఏ సీటు కింద బిస్కెట్టు పిండి గోకతా ఉన్నానో
నది నాకు తెలీకనే పోయింది.
నాలుగువేల తూర్లు విమానం ఎక్కినా,
ఒగ తూరి కూడా నేల వదల్లేదు.

ఆడ కూడా ఒగామె ఉండాది.
పేరు తెల్దు, మొగం తెల్దు.
గుండు గీయించుకోని పొయ్యేటోళ్ల చందనం
కిటికీ అద్దాలకు అంటితే తుడిచేది ఆమే.
ఎప్పుడన్నా ఒగ మూల మర్చిపోతాది,
ఆ మరక మళ్లా మా ఊరికే వస్తాది,
తిట్టుకుంటా తుడస్తా.
ఎవురూ కూచోకుండా వచ్చిన సీట్లలో
ఆమె బెల్టు వేసింది వేసినట్లే ఉంటాది,
ఎడమ మీద కుడి.
నేను కుడి మీద ఎడమ వేస్తా.
మా ఇద్దరికీ ఉండే మాటలు అవే.

మొన్న బేస్తవారం చేరుకున్నా.
చెప్తే ఢిల్లీబాబు నగినాడు.
"పోయినంతా వెనక్కొస్తివి గదక్కా,
కూడి తీసేస్తే సున్నా."
"పొద్దున ఆరుకు ఎగిరిన ఈ విమానం
ఇప్పుడు ఈడనే నిలబడి లేదా?
దాని లెక్క ఎంత నాయినా?"
వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఏం తెచ్చినావే పట్నం నుంచి, అనె కుప్పమ్మ.
ఏమీ తేలేదు.
పదిహేడో వరసలో కిటికీ పక్క సీటు
ఆ పొద్దు ఖాళీగా వచ్చింది.
ఎడమ మీద కుడి.
దాన్ని మాత్రం తాకకుండా
చెత్త సంచి భుజానేసుకోని
మెట్లు దిగినా.

సాయంత్రం గేటు బయట
షేరాటో ఇంకా నిండలేదు.