అర మిల్లీమీటరు

శుక్రవారం సాయంత్రం, సెమినార్ గదిలో
తెర మీద ఒక మెదడు వెలిగింది.
ఎవరిదీ కాదు.
నాలుగు వందల పన్నెండు మంది పిల్లల్ని
కూడి, భాగించగా మిగిలిన మెదడు.
దానికి బడి లేదు. చెల్లెలు లేదు.
ఒక్క కాలికే మేజోడు తొడుక్కుని
వీధిలోకి ఉరికిన పొద్దు లేదు.

ఒయార్సున్ బాగా చెబుతాడు.
ఎర్రచుక్కని గోడ మీద తిప్పుతూ అన్నాడు:
మన వాల్పరాయిసో కొండ లిఫ్టుల్ని చూడండి,
ఒకే తాడుకి రెండు పెట్టెలు,
ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది.
మెదడులోనూ పరధ్యానానికి ఒక అల్లిక, పనికి ఒక అల్లిక.
పని పైకొస్తుంటే పరధ్యానం కిందికి పోవాలి.
ఈ పిల్లల్లో ఆ రెండూ
సగం దారిలో ఆగి
కిటికీల్లోంచి కబుర్లాడుకుంటాయి.

నవ్వాం. నేను రాసుకున్నాను కూడా,
సోమవారం ఎవరో ఒక తల్లికి చెప్పొచ్చని.

కాఫీ దగ్గర అడిగాను, ఎంతమందిని తీసేశారని.
"తొంభై ఒక్కరిని. కదిలారు."
ఎంత?
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
వెలుతురు దూరీ దూరని సందు చూపించాడు.
అర మిల్లీమీటరు.
తల అంత జరిగినా చాలట,
లేని దారం ఉన్నట్టూ
ఉన్న దారం తెగినట్టూ అగుపిస్తుందట.
అతని తప్పేం లేదు. ఉంచితే అబద్ధం.
తీసేస్తే మటుకు
కదలకుండా ఉండలేని పిల్లల గురించి
కదలకుండా పడుకోగలిగిన పిల్లలే సాక్ష్యం చెప్పారు.

తొంభై ఒక్కరిలో ఒకడు నాకు తెలుసు.
నవెల్. తొమ్మిదేళ్ళు. పంపింది నేనే.
తలకి అటూ ఇటూ స్పాంజి కుక్కారు, కుండకి కుదురు పెట్టినట్టు.
చెవుల్లో ఒక ఆడగొంతు: కదలకు నాన్నా, కదలకు.
ఆరో నిమిషంలో వాడు లేవబోయాడు.
భయపడి కాదు.
"ఈ మిషను ఏడుసార్లు కొట్టి
ఎనిమిదోది మింగేస్తోంది" అని
ఎవరితోనైనా చెబుదామని.
ఆ గదిలో పదేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి
ఆ సంగతి అప్పటిదాకా వినలేదు.

సోమవారం. ఒక్కొక్కరికీ పన్నెండు నిమిషాలు.
యస్నా చేపల రేవు నుంచి నేరుగా వచ్చింది,
నిమ్మచెక్కతో రుద్దుకున్నా వాసన వదలని చేతులతో.
నా కిటికీ బయట కరెంటు స్తంభం,
చచ్చిన తీగలూ బతికిన తీగలూ ఒకే చిక్కుముడిగా.
అటే చూస్తూ అడిగింది:
"డాక్టరమ్మా, వీడికి ఏ తీగ తెగింది?"

కొండ లిఫ్టు కథ నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
ఏదీ తెగలేదన్నాను.
బొమ్మ తీసి, చూసి, మీవాడిది ఇదీ అని
చెప్పగలిగిన వాళ్ళు ఇంకా పుట్టలేదన్నాను.
"మరి రెండు బస్సులు మారి
అక్కడికెందుకు తీసుకెళ్ళాను?"
దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.
ఉన్నదేదో చెప్పాను:
సగటు మాట సగటుకే చెల్లుతుంది.
అయినా దాని దగ్గర ఒక్క వాక్యం అప్పు తెచ్చుకోవచ్చు,
వీడు కావాలని చేయట్లేదు, అని.
దాన్ని కాగితం మీద రాసి, ముద్ర వేసి, టీచరుకిమ్మని ఇచ్చాను.
మందు సంగతి మాట్లాడుకున్నాం.
ముందు వరస బెంచీ సంగతి,
లెక్కల మధ్యలో నల్లబల్ల తుడిచే పని వీడికిమ్మనే సంగతి.

కుదురు లేదు, కుదురు లేదు అంటారు వీణ్ణి అందరూ.
కుదురు కుండలో ఉంటుందా ఎక్కడైనా?
కుండ కింద కదా ఉండేది.
ఎవరో ఒకరు చుట్టి పెట్టాలి.
ఇదేమీ యస్నాతో అనలేదు,
పన్నెండో నిమిషం ఎప్పుడో దాటింది,
బయట ఇంకో తల్లి తలుపు మీద నీడయి నిలబడింది.

నవెల్ బల్ల కింద ఉన్నాడు,
నా పెన్ను తీసుకుని కుర్చీ కాలి మీద కొడుతున్నాడు.
ఒకటి, రెండు, మూడు.
యస్నా చెయ్యి పట్టి లాగబోతే ఆపాను.
ఐదు. ఆరు. ఏడు.

ఇద్దరం ఊపిరి బిగబట్టి
ఎనిమిదో దెబ్బ కోసం చూశాం.