ఒంటి రాయి

నొప్పి నెత్తిల పుట్టదు.
ముప్పై ఏండ్ల నుంచి చూస్తున్న, దాని తొవ్వ నాకెరుకే.
చెవి వెనుక గుంటల లేస్తది,
బుర్ర వెనుక నుంచి పిడికిలి కట్టి ఎక్కుతది,
కుడి కంటి కాడికొచ్చి కూసుంటది
బాకీ కోసం గడపల కూసున్నోని లెక్క.

అప్పటిదాక
కొత్తవాడ సందుల మగ్గాల చప్పుడు ఊకె చప్పుడే.
ఇగ ఆ గడియ నుంచి
ప్రతి దెబ్బ నా కంట్లనే పడుతది.
జంపకానా ఎర్ర గీత అరుస్తది.

ఏం చెయ్యలె?
కణతలకు సున్నం పెట్టిన.
జిందా తిలిస్మాత్ రుమాలుకు పోసి పీల్చిన.
పైత్యమన్నరు, నిమ్మకాయ పిండుకొని తాగిన.
కండ్లన్నరు, అద్దాలు కొన్న,
అద్దాలల్ల నొప్పి ఇంకింత సాఫుగ కనిపించింది.
చౌరస్తా డాక్టరు సైనసన్నడు.
మా అత్తది మాత్రం ఒకటే మాట:
"పని కాడనే లేస్తది దీని నొప్పి."

నిజమే.
మెడ వంచితెనే లేస్తది.

పీటల మీద అయ్యగారు తల వంచుమన్నడు,
మూడుసార్లు అన్నడు.
ఆడోళ్లల్ల గుసగుస: మెడలు వంచని పిల్ల.
ఎవలన్న పిలిస్తె మెడ తిప్పకుంట
మనిషిని మనిషినే తిరిగేదాన్ని,
ఎడ్లబండి తిరిగినట్టు.
పొగరన్నరు.
పేరొచ్చినంక పేరుకు తగ్గట్టు బతకాలె గద,
కండెల కూలి కిలోకు రెండు రూపాయలు కోసిన సేటు ముంగట
పొద్దుమీకేదాక కూసున్న, లేవలె.
ఇచ్చిండు.

మొన్న ఎంజీఎంల
ఓపీ చీటీ మీద రత్నమాలను రత్నమ్మ చేసి
మెడకు ఫొటో తీసిండ్రు.
నా బిడ్డ ఈడు డాక్టరమ్మ
ఆ నల్ల కాగితాన్ని కిటికీకి పట్టింది.
వెనుక అంబులెన్సు, బోండాల బండి,
నడుమ నా ఎముకలు.
"ఈ రెండు పూసలు పుట్టుకతోనే అతుక్కున్నయమ్మా.
నడుమ సందు లేదు.
వీటి పని మీది పూస, కింది పూస మోసి మోసి అరిగినయి.
నొప్పి మెడది. తల ఊకె చెప్తున్నదంతే."

ఓరుగల్లు అంటే ఒంటి రాయని
బడిల చెప్పిండ్రు.
అది నా మెడలనే ఉన్నదని
ఎవలు చెప్పలె.

సంబరపడాల్నో ఏడ్వాల్నో తెలువలె.
నొప్పికి పేరు దొరికింది, సరే,
మరి నా పొగరో?
ఆనాడు సేటు ముంగట వంగనిది
నేనా, ఆ పూసలా?

బస్సుల గిదే అడుగుకుంట వచ్చిన.
చేతుల గోలీల కవరు, మెడకు పట్టీ,
మెడ వంచి పని చెయ్యొద్దన్న మాట.
మెడ వంచకుంట దారం ఎవల చేతికొస్తది?

అత్త ఫొటోను దీపం కాడ పట్టుకొని
తిరగేసి, మరగేసి, చాలాసేపు చూసింది.
"ఎముకలల్ల గూడ పొగరేనానే" అన్నది.

అని, మోకాళ్లు పట్టుకొని లేచి
దొడ్లకు పోయింది.
ఇటుక తెచ్చి నా రాట్నం కింద పెట్టింది.
ఎత్తు చూసింది.
మళ్ల పోయింది ఇంకోదానికి.