సబాకు

ఇసోకోకు ఆ మాట చేతుల్లో తెలుసు.
హకొదాతే రేవులో, తెల్లవారుజామున మూడున్నరకి,
రబ్బరు ఏప్రాన్ బిగించి
చేప పొట్ట చీల్చి, పేగు లాగి,
ముల్లుకు మాంసం అంటకుండా
మాంసంలో ముల్లు మిగలకుండా
విడదీస్తే, అది సబాకు.
నలభై ఏళ్ల పని.
దానికి నిఘంటువెందుకు?

కోర్టు కవరు వచ్చింది.
కాగితంలో అదే పలుకు,
అక్షరం వేరు.
నేరాన్ని సబాకు. మనిషిని సబాకు.
పోయిన మొగుడి భూతద్దం వెతికి తెచ్చి చూసింది.
తన అక్షరంలో ఓ పక్కన చెయ్యి ఉంటుంది.
దీంట్లో చెయ్యి లేదు.
బట్ట ఉంది, బట్ట మీద వాలిన ఆయుధం ఉంది.
"ఇది దర్జీవాళ్లది కదా, నాకెందుకు పంపారు?"

నిఘంటువు చెప్పిన వాడుక ఇంతే:
న్యాయస్థానం చేస్తుంది, దేవుడు చేస్తాడు.
వంటింట్లో అనరు.
పక్కింటివాళ్ల మీద వాడరు,
వాళ్లకైతే టీ చల్లారేలోగా
చవకరకం మాటలు బోలెడు దొరుకుతాయి.

ముగ్గురు నల్ల అంగీలవాళ్లు, ఆరుగురు మామూలువాళ్లు,
అందరికీ ఒకటే బల్ల.
ఎదురుగా తెప్పెయ్, ఇరవై మూడేళ్లు.
జీతం ఎగ్గొట్టిన పడవల షెడ్డుకి నిప్పు పెట్టాడు.
అటక మీద కాపలా ముసలాయన పడుకున్నాడని
తెలుసో తెలియదో.
కొత్త చొక్కా, మెడ వెనక ధర చీటీ అలాగే ఉంది.
మూడో వరసలో వాళ్లక్క
ఐదు రోజులూ ఆ చీటీనే చూసింది.

బల్ల కింద ఇసోకో చేతులు ఊరుకోలేదు.
చేపకైతే మొప్ప వెనక ఒక చోటుంటుంది,
వేలు పెడితే తెలిసిపోతుంది.
వీడిలో ఉక్రోషం ఎక్కడ ఆగింది,
నేరం ఎక్కడ మొదలైంది?
ముల్లూ మాంసమూ ఒకే రంగులో ఉన్నాయి.

తలుపు మూశాక ఆ గదిలో ఆమె ఏమందో
చచ్చేదాకా చెప్పకూడదట, చట్టం.
నేనూ చెప్పను.

చివరి రోజు పెద్ద జడ్జి కాగితం చదువుతుంటే
చెవులు రిక్కించి కూర్చుంది.
ఆ మాట రాలేదు.
విధించడం లాంటి ఇంకేదో క్రియ వచ్చి
ఆరేళ్లు అని వెళ్లిపోయింది.
ఇన్నాళ్లూ తొమ్మిదిమందీ మోసినది
ఆఖరి వాక్యంలో ఎక్కడా లేదు.

మా తెలుగులో తీర్పు, తీరడంలోంచి పుట్టింది.
ఆకలి తీరినట్టు, బాకీ తీరినట్టు.
ఇసోకోకు ఈ సంగతి తెలియదు.
తెలిస్తే ఒకటే అడిగేది: ఎవరికి తీరింది?
ముసలాయన కాలిన వేళ్లు
ఇప్పటికీ గిన్నె పట్టుకోవు.

మర్నాడు మళ్లీ మూడున్నర,
మంచు ముక్కల్లో హొక్కే చేపలు.
హోటలు కుర్రాడొచ్చి పెద్దదాన్ని చూపించి
"సబాకు చేసిస్తారా, పిన్నిగారూ?" అన్నాడు.
ఆమె వేలు మొప్ప వెనకే ఆగింది.
చేప కన్ను ఇంకా తేటగా ఉంది.

"కోసిస్తాను" అంది.