మూడు రోజులు

పూర్ణా మార్కెట్ మూసే వేళకి వెళ్తాను.
అప్పుడే బంతిపూలు కిలోల లెక్క పోయి
గోనెసంచుల లెక్కకొస్తాయి.
వాడినవైనా పర్లేదంటే
పూలకొట్టు జగ్గారావు నవ్వుతాడు:
"ఇలాటివి ఏ దేముడు పుచ్చుకుంటాడమ్మా?"
పన్నీరుకి అని చెప్పలేను.
పన్నీరంటే అతనికి
పెళ్ళిలో బుడ్డిలోంచి చిలకరించేదే.

కొండమీది ల్యాబులో రేకలు తుంచి,
ఆరబెట్టి
(ఈ ఊళ్ళో ఆరడమంటే ముందు
సముద్రాన్ని అడగాలి)
నూరి, వడగట్టి, చుక్కలు చేశాను.
బంతి, మందార, సింహాచలం సంపెంగ,
పాడేరు సంతలో కొన్న ఎండు మోదుగ.
గాజు పళ్ళేల్లో మొలిచిన మచ్చల్ని
రోజూ పొద్దున్నే లెక్కపెట్టాను.

ఏమీ కలపని ముక్క నాలుగు దాటగానే జిగురెక్కింది.
సంపెంగది నిలిచింది గానీ
నోట్లో పెడితే పెళ్ళికూతురి పూలజడ నమిలినట్టుంది.
మోదుగది ఏడో రోజుకీ
లేత పసుపు రంగులో
ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

రిపోర్టులో ఒక వాక్యం రాశాను:
సాయంత్రానికి వాడిపోయే పువ్వు
తనకి లేని మూడు రోజుల్ని పాలకిచ్చింది.
మేడమ్ ఎర్రసిరాతో కొట్టేసి
"అంకె వెయ్యి" అని పక్కన రాశారు.
వేశాను.

ఆ అంకె, ఒక డబ్బా పట్టుకుని
కంచరపాలెం మెట్ట కిందకి వెళ్ళాను.
నూకరత్నం కొట్లో ఫ్రిజ్ ఉంది,
కరెంటు ఉన్నంతసేపు.
రాత్రి తొమ్మిదయ్యాక మిగిలిన పనీరు సగం ధర,
పదయ్యాక పావు,
ఆ తర్వాత ఇంట్లో కూర.

ముక్క నోట్లో వేసుకుంది.
"పులుపు రాలేదేటి? ఏ రోజుది?"
"పోయిన గురువారంది."
ఇంకో ముక్క తీసి
దొంగనోటుని చూసినట్టు
ట్యూబులైటుకి ఎత్తి చూసింది.

ఖరీదెంత అంటుందనుకున్నాను.
ఏం మందు కలిపావంటుందనుకున్నాను.
రెండింటికీ జవాబులు రాసుకుని వెళ్ళాను.

ఆవిడ మూడు వేళ్ళు మడిచింది.
మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.
"అయితే నానొక రోజు కొట్టు తియ్యకపోయినా
సరుకు పాడైపోదన్నమాట."
"పోదు."
"పదకొండేళ్ళయిందమ్మీ"
అని,
ఏది అయిందో చెప్పకుండా
కాటా పళ్ళెం తుడవడం మొదలెట్టింది.